ఇన్‌టేక్ కాలమ్‌లో గడ్డి

మా ఇంట్లో కుందేళ్లను పెంచే విషయంలో నా అభిప్రాయాన్ని ఎవరూ అడగలేదు. అడగకపోయినా చెప్పాను. చెప్పినా ఎవరూ వినకపోయేసరికి నోటుబుక్కులో రాసిపెట్టాను. మొత్తం ఏడు అభ్యంతరాలు: వాసన, వెంట్రుకలు, కరెంటు తీగలు, బేస్‌మెంటులో చలి, మనుమరాలి చదువు, మేమందరం ఎక్కడికైనా వెళ్తే వాటిని చూసే దిక్కు లేకపోవడం. ఏడోది ఏమిటో ఇప్పుడు నా చేతిరాత నాకే అర్థం కావడం లేదు. మిగిలిన ఆరింటిలో ఐదు తప్పని తేలాయి. వెంట్రుకల విషయం మాత్రం నిజం.

నేను కోస్తాలో ఒక మిషన్ ఆస్పత్రిలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి, వార్డు సిస్టరుగా రిటైరైనదాన్ని. ఇప్పుడు కెనడాలోని ఏజాక్స్‌లో మా అమ్మాయి, అల్లుడు, పదకొండేళ్ల మనుమరాలితో కలిసి ఉంటున్నాను. రాసిపెట్టడం ఉద్యోగం నేర్పిన అలవాటు. నా రక్తపోటు, ఇంట్లో హీటరు మొదటిసారి వేసిన రోజు, మంచు తీసే బండి మా వీధిని వదిలేసి పక్కవీధికి వెళ్లిన సందర్భాలు, ఆదివారం చర్చిలో ప్రసంగం ఎన్ని నిమిషాలు సాగిందన్నది, అన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఈ చివరి సంగతిని ఎవరో పాస్టరుగారి చెవిన వేశారు. అప్పటినుంచి ఆయన నేను కనిపించినప్పుడల్లా తన గడియారం చూసుకుంటున్నారు.

మా మనుమరాలికి ఒకే ఒక స్నేహితురాలు ఉండేది. ఆ కుటుంబం వేసవిలో వాంకూవర్‌కు మారిపోయింది. బడి తెరిచాక మా పిల్ల ఇంటికి రాగానే ప్లేటు పట్టుకుని బేస్‌మెంటులోకి వెళ్లి, ఒంటరిగా తినడం మొదలుపెట్టింది. ఏమైందని అడిగితే "నథింగ్" అనేది. ఆ ఒక్క మాటతోనే సెప్టెంబరు నెలంతా గడిపింది. అక్టోబరులో ఒక సాయంత్రం పైకి వచ్చి, జంతువుల షెల్టరువాళ్ల వెబ్‌సైటులో ఒక ఫోటో చూపించి, ఆగకుండా పది నిమిషాలు మాట్లాడింది. మా అమ్మాయి ఆ ఫోటో వైపు చూడనే లేదు. కూతురి ముఖాన్నే చూస్తూ నిలబడిపోయింది. నా అభ్యంతరాలన్నీ అక్కడే వీగిపోయాయి.

ఫోటోలో రెండు కుందేళ్లు ఉన్నాయి. ఒకటి బూడిదరంగుది, మగది. రెండోది తెల్లది, ఆడది. రెండూ ఒకదానికొకటి అలవాటుపడిన జంట, విడదీస్తే తిండి మానేస్తాయట. అంతకుముందు రెండు కుటుంబాలు వాటిని తీసుకెళ్లి, మళ్లీ తెచ్చి అప్పగించేశాయి. అందువల్ల షెల్టరువాళ్లు మాకు షరతు పెట్టారు. మొదట రెండు వారాలకు మాత్రమే ఇస్తారు. పద్నాలుగో రోజున వాళ్ల మనిషి ఇంటికి వచ్చి చూస్తుంది. అంతా సరిగ్గా ఉంటే సంతకాలు. లేకపోతే కుందేళ్లను ఆ సాయంత్రమే వెంట తీసుకుపోతుంది.

దరఖాస్తులో "ప్రధానంగా చూసుకునే వ్యక్తి" అని ఒక గడి ఉంది. పగలంతా ఇంట్లో ఉండేది నేనే కనుక అందులో నా పేరు రాయించాను. దాని కింద "అనుభవం" అని మరో గడి. నా అనుభవాన్ని ప్రశ్నించడం అదే మొదటిసారి కనుక నాకు కోపం వచ్చింది.

"అమ్మా, వాళ్లు రాబిట్స్ గురించి అడుగుతున్నారు. నువ్వు రాబిట్స్‌ని ఎప్పుడూ పెంచలేదుగా," అంది మా అమ్మాయి, లాప్‌టాప్ ముందు కూర్చుని.

"ముప్పై నాలుగేళ్లు మనుషుల్ని చూశాను. మాట్లాడే పేషెంటు కంటే మాట్లాడని పేషెంటు నయం."

"సరే, గ్రాండ్‌మదర్ ఈజ్ ఎ నర్స్ అని టైప్ చేస్తున్నా."

"వార్డు సిస్టరు అని చెయ్యి."

"వాళ్లకి తేడా తెలీదమ్మా."

"తెలుసుకుంటారు," అన్నాను.

షెల్టరువాళ్లు ఇంటిని ఎలా సిద్ధం చేయాలో తొమ్మిది పేజీల పట్టిక పంపారు. వ్యతిరేకించిన పనిని కూడా సక్రమంగా చేయడం నా స్వభావం కనుక, ఆ తొమ్మిది పేజీలను నాలుగు గళ్ల పట్టికగా మార్చి, గోడకు అంటించి, పనులు పంచాను. కుందేలు తీగలను కొరుకుతుంది కాబట్టి నేలమీదున్న ప్రతి తీగకూ ప్లాస్టిక్ గొట్టం తొడగాలి. దాని పాదాలకు మెత్తలు ఉండవు, అంతా బొచ్చే. నున్నటి నేలమీద జారుతుంది కాబట్టి తివాచీలు పరవాలి. మా బేస్‌మెంటు నేల అద్దంలా ఉంటుంది. నా మంచం పక్కన పరిచే తివాచీని కూడా ఇచ్చేశాను. మనీప్లాంటు దానికి విషమట, పై అంతస్తుకు వెళ్లిపోయింది. నేల తుడవడానికి ఫినాయిలు వాడకూడదట, వెనిగరు చాలునట. వార్డును వెనిగరుతో తుడిచిన సిస్టరు ఎవరైనా ఉంటే చూపించమని అడిగాను. ఎవరూ చూపించలేదు. వెనిగరుతోనే తుడిచాను.

తీగల పని నేను ఒక్కదాన్నే ఒక మధ్యాహ్నం కూర్చుని పూర్తి చేశాను. మా అల్లుడు ఇంటినుంచే పనిచేస్తాడు. మూడు గంటలకు మెట్లమీద నుంచి పిలిచాడు.

"అత్తయ్యగారూ, నాకు మీటింగ్ ఉందండీ. రౌటర్ ఎక్కడ పెట్టారు?"

"ఎత్తులో పెట్టాను."

"ఎంత ఎత్తులో అండీ?"

"కుందేలుకి అందనంత."

కుర్చీ ఈడ్చిన చప్పుడు వినిపించింది. "నాకూ అందట్లేదండీ," అన్నాడు.

ఆయన కూడా తన వంతు చేశాడు. ఇనుప తీగతో చేసిన మడత కంచెను బిగించి, గది మూలలో నిలబెట్టాడు. తలుపు గోడ వైపుకు తెరుచుకుంది. రెండోసారి బిగించాక సరిగ్గా వచ్చింది. మా పిల్ల అట్టపెట్టెలకు గుమ్మాలు కోసి గుహలు చేసింది. ప్రతి గుహకూ రెండు గుమ్మాలు ఉండాలట, ఒకదాన్నుంచి భయం వస్తే ఇంకోదాన్నుంచి పారిపోవడానికి. నేను కంచెకు ఒక క్లిప్‌బోర్డు వేలాడదీసి, ఆస్పత్రిలో వాడే పద్ధతిలో చార్టు గీశాను. ఎడమవైపు ఇన్‌టేక్, అంటే లోపలికి పోయింది. కుడివైపు అవుట్‌పుట్, అంటే బయటికి వచ్చింది. వాటికి మా పిల్ల పెట్టిన పేర్లు చార్టులో రాయలేదు. బూడిదరంగుది ఒకటో బెడ్డు, తెల్లది రెండో బెడ్డు. సందర్శకుల వేళలు కూడా రాసి అంటించాను. ఆ కాగితాన్ని సాయంత్రానికల్లా ఎవరో చించేశారు. ఎవరన్నది నాకు తెలుసు.

కుందేళ్లు వచ్చాయి. మొదటి రోజు గుహలోంచి బయటికి రాలేదు. రెండో రోజు ముక్కులు వచ్చాయి. మూడో రోజు మా పిల్ల కంచె లోపల కూర్చుని లెక్కలు చేస్తుంటే, బూడిదరంగుది వచ్చి ఆమె పుస్తకం మూల కొరికింది. ఆ రోజు ఆమె భోజనం పైన మాతోపాటు బల్ల దగ్గర చేసి, పుస్తకం ఎలా పాడైందో టీచరుకు ఏమని చెప్పాలో తండ్రితో చర్చించింది. మా అమ్మాయి నావైపు చూసింది. నేను ఏమీ రాసుకోలేదు.

ఇక గడ్డి సంగతి.

కుందేలు తినేదానిలో చాలా భాగం గడ్డే. ఆకుకూరలూ, దాణా గుళికలూ పక్కన పెట్టుకునే పచ్చడి లాంటివి. గడ్డే అన్నం. అది రోజంతా నమలకపోతే కడుపు కదలడం ఆగిపోతుంది. ఇవన్నీ ఆ తొమ్మిది పేజీల్లో ఉన్నాయి, నేను అడుగున గీతలు కూడా గీశాను. షెల్టరువాళ్లు నాలుగు రోజులకు సరిపడా గడ్డిని సంచిలో ఇచ్చి పంపారు. దాన్ని విప్పి చూసి నాకు మండిపోయింది. గడ్డి ఆకుపచ్చగా ఉంది, మెత్తగా ఉంది, ఇంకా పచ్చివాసన వేస్తోంది. మా నాన్న రెండు గేదెల్ని పెంచేవాడు. గడ్డి అంటే నాకు తెలుసు. గడ్డి అంటే వరిగడ్డి. ఎండితే బంగారం రంగులో ఉంటుంది, పట్టుకుంటే గలగలమంటుంది. పచ్చదనం పోని గడ్డిని వామి వేస్తే లోపల ఉడికి, బూజు పడుతుంది. ఇన్ని షరతులు పెట్టిన సంస్థ సరిగ్గా ఎండని గడ్డిని పంపడమేమిటని నోటుబుక్కులో అరపేజీ రాశాను.

నాలుగో రోజున మా అమ్మాయి నన్ను మొక్కలు అమ్మే దుకాణానికి తీసుకెళ్లింది. హాలోవీన్ దగ్గర పడుతోంది. గుమ్మడికాయల గుట్టల పక్కన తాళ్లతో కట్టిన గడ్డిమోపులు పేర్చి ఉన్నాయి. బంగారం రంగు. చేత్తో నలిపితే గలగలమంది. ఈ దేశంలో కూడా గడ్డి ఎండబెట్టడం తెలిసినవాళ్లు ఉన్నారని సంతోషించాను. అట్టముక్క మీద "స్ట్రా" అని రాసి ఉంది. స్ట్రా అంటే గడ్డి అని నాకు బళ్లో నేర్పారు. హే అంటే గడ్డి అని కూడా నేర్పారు. మామయ్యకూ, బాబాయికీ, పెదనాన్నకూ, పక్కింటాయనకూ కలిపి ఒకే ఒక్క అంకుల్‌తో సరిపెట్టుకున్న భాష, గడ్డి దగ్గరికి వచ్చేసరికి రెండు మాటలు పెట్టుకుని, ఆ రెండింటికీ రెండు అర్థాలు పెట్టుకుంటుందని నేనెలా ఊహిస్తాను?

అప్పుడు ఫోనులో మాట్లాడుతున్న మా అమ్మాయి మోపును చూసి కారు వెనక తలుపు తెరిచింది. అంతే.

మర్నాడు ఉదయం కంచెలోని గడ్డిపెట్టె నిండా కొత్త గడ్డి వేశాను. బడికి బయలుదేరుతూ మా పిల్ల వంగి చూసింది.

"ఇట్ లుక్స్ డిఫరెంట్, అమ్మమ్మా."

"ఇది బాగా ఎండిన గడ్డి. మొదటిది సరిగ్గా ఎండలేదు."

"ఆర్ యూ ష్యూర్?"

"మీ ముత్తాత గేదెలు ఇదే తిని రోజుకి ఎన్ని పాలిచ్చేవో తెలుసా?"

ఆమెకు తెలియదు. నేను చెబుతున్నాను కదా అని "ఓకే" అని సంచి తగిలించుకుని వెళ్లిపోయింది.

ఐదో రోజునుంచి ఎనిమిదో రోజు వరకు చార్టులో ఇన్‌టేక్ కాలమ్ చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. గడ్డి: బాగా. గడ్డి: బాగా. గడ్డి: చాలా బాగా. ఎందుకంటే పెట్టెలో గడ్డి నిజంగానే తగ్గుతోంది. కుందేళ్లు దాన్ని లాగి, తవ్వి, గదంతా చల్లి, దానిమీద పడుకుంటున్నాయి. రెండు మూడు పరకలు నోట్లో పెట్టుకుని వదిలేస్తున్నాయి. నేను సాయంత్రం వచ్చి పెట్టె సగం ఖాళీ అయిందని చూసి, కలం తీసి "బాగా" అని రాస్తున్నాను. అవుట్‌పుట్ కాలమ్‌లో మాత్రం నిజం ఉంది. కుందేలు రోజుకు వేసే పెంటికలను లెక్కపెట్టే మనిషి ఇంకెవరైనా ఉన్నారో లేరో నాకు తెలియదు. నేను లెక్కపెట్టాను. రెండింటివీ కలిపి నాలుగు వందల పైచిలుకు ఉండేవి ఎనిమిదో రోజుకు రెండు వందలకు దిగాయి. పరిమాణం కూడా చిన్నదైందని పక్కన రాశాను. రాసి, వాతావరణం మారిందని సరిపెట్టుకున్నాను. మనుషుల వార్డులో ఈ సాకు చెప్పిన నర్సును నేను డ్యూటీ రూములో గంటసేపు నిలబెట్టేదాన్ని.

తొమ్మిదో రోజు ఉదయం ఏడుంబావుకు కొత్తిమీర పట్టుకుని దిగాను. తెల్లది వచ్చింది. బూడిదరంగుది మూలలో ముడుచుకుని కూర్చుంది. కొత్తిమీర ముక్కు దగ్గర పెట్టినా తల తిప్పుకుంది. కంచెలో దాని వైపు ఒక్క పెంటిక కూడా లేదు. పైకి వెళ్లి నా పాత స్టెతస్కోపు తెచ్చి దాని పొట్టకు ఆనించాను. ఆపరేషన్ తరువాత పేగులు కదలని రోగుల పొట్టలమీద ఎన్నిసార్లు విన్నానో ఆ నిశ్శబ్దమే వినిపించింది. నాకు ఆ నిశ్శబ్దం అంటే భయం.

మా పిల్ల అప్పటికే బడికి వెళ్లిపోయింది. మా అమ్మాయి మీటింగు రద్దు చేసుకుంది. రెండింటినీ ఒకే పెట్టెలో, విడదీయకూడదు కనుక, కింద మెత్తగా ఉండాలని నా గడ్డి పరిచి, పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. డాక్టరు చిన్నపిల్లలా ఉంది. పొట్ట నొక్కి చూసింది, ఇంజక్షన్ ఇచ్చింది, సిరంజితో తాగించాల్సిన పిండి ఇచ్చింది. తరువాత తెల్లది కూర్చున్న చోటినుంచి ఒక పరక తీసి చూసి, గడ్డి ఏం పెడుతున్నారని అడిగింది.

"ఇదే," అన్నాను.

"ఇది స్ట్రా," అంది.

"అవును, స్ట్రా," అన్నాను.

"మరి హే ఏది?"

"ఇదే."

ఆ అమ్మాయి నన్నూ, మా అమ్మాయినీ మార్చి మార్చి చూసి, చాలా మర్యాదగా వివరించింది. గింజ తీసేశాక మిగిలిన ఎండు కాడలు స్ట్రా. అందులో బలమేమీ ఉండదు, జంతువుల కింద పరవడానికి వాడతారు. హే అంటే గడ్డిని పచ్చగా ఉన్నప్పుడే కోసి, ఆ పచ్చదనం పోకుండా ఎండబెట్టింది. తినడానికి అది. చివరికి ఒక్క ముక్కలో తేల్చింది. "ఇది బెడ్డింగ్."

బెడ్డింగ్ అనే మాట నాకు బాగా తెలుసు. దుప్పటి, దిండు గలీబు, రబ్బరు షీటు. నాలుగు రోజులపాటు నేను రోగికి పరుపు వడ్డించి, బాగా తిన్నాడని చార్టులో రాశాను. ట్రైనింగుకు వచ్చిన నర్సు పిల్లలకు నేను చెప్పిన మొదటి పాఠం ప్లేటు చూసి రాయవద్దని. ప్లేటు ఖాళీ అయిందంటే తోడొచ్చిన బంధువు తినేసి ఉండవచ్చు, రోగి నోరు చూసి రాయమని. ఎంతమందిని ఏడిపించానో ఆ పాఠంతో.

తిరుగు దారిలో కారు మా అమ్మాయే నడిపింది. సిగ్నలు దగ్గర ఆగినప్పుడు అంది, "నేనైనా చూడాల్సింది. నాకు హే అంటే తెలుసు. నువ్వు తీసుకున్నావు కదా అని చూళ్లేదు."

"నేను తీసుకున్నాను కదా అనే పిల్ల కూడా ఊరుకుంది," అన్నాను.

మూడు గంటలకొకసారి సిరంజితో పిండి తాగించాను. కొత్త హే సంచి తెచ్చి, పచ్చగా, పచ్చివాసనతో, గడ్డిపెట్టె నింపాను. మర్నాడు మధ్యాహ్నం బూడిదరంగుది ఒక మూలకు వెళ్లి ఆరు పెంటికలు వేసింది. మీటింగులో ఉన్న మా అల్లుడిని కూడా పిలిచి చూపించాను. ఆయన చెవిలో ఇయర్‌ఫోను తీయకుండానే దిగి వచ్చి, చూసి, "వెరీ గుడ్ అండీ" అన్నాడు. ఆ మాట మీటింగువాళ్లతో అన్నాడా, నాతో అన్నాడా అన్నది నేను అడగలేదు.

మా పిల్లకు ఏం చెప్పామంటే, దాని ఒంటికి పడనిదేదో తిన్నదని. అది అబద్ధం కాదు. అది పెట్టింది నేనని చెప్పకపోవడం మాత్రమే మేము చేసిన పని. ఆమె ఆ రోజునుంచి బడినుంచి రాగానే కంచె పక్కనే కూర్చుని, నేను సిరంజి పట్టుకుంటే దాని వీపు నిమురుతూ, "అమ్మమ్మ ఈజ్ ఎ నర్స్. యూ ఆర్ ఓకే," అని దాని చెవిలో చెప్పేది. నేను సిరంజి గీతలు చూస్తున్నట్టు నటించేదాన్ని.

పదమూడో రోజున మా అమ్మాయి వంటగదిలో అంట్లు సర్దుతూ అంది, "రేపు ఆవిడొస్తోంది. వెట్ దగ్గరికి తీసుకెళ్లామని చెప్పాల్సిందే, రూల్. స్టమక్ అప్‌సెట్ అయింది, ట్రీట్ చేయించాం, ఇప్పుడు బాగుంది. అంతవరకే చెప్దాం."

"చార్టు అడిగితే?"

"చార్టు తెలుగులో ఉందిగా."

నిజమే. నేనూ, మా అమ్మాయీ, అల్లుడూ తప్ప ఆ ఇంటికి వచ్చేవాళ్లలో ఎవరూ దాన్ని చదవలేరు. తొమ్మిదో రోజునుంచి పట్టిన ధైర్యం ఏదైనా ఉంటే, అది ఆ లిపి వల్ల పట్టిందే.

"ఇంతకుముందు రెండిళ్లు వాపసిచ్చాయమ్మా. మనదగ్గర నెగ్లిజెన్స్ అనుకుంటే ఇంక ఉంచరు. పిల్ల మళ్లీ బేస్‌మెంట్‌లో కూచుని అన్నం తింటుంది. నేను చూళ్లేను," అంది మా అమ్మాయి, గిన్నె వైపే చూస్తూ.

నేనూ చూడలేననే అనుకున్నాను.

పద్నాలుగో రోజు సాయంత్రం షెల్టరు మనిషి వచ్చింది. అరవై దాటిన ఆవిడ. పొట్టి తెల్ల జుట్టు. బూట్లు విప్పి, నేరుగా బేస్‌మెంటులోకి దిగి, తివాచీమీద బోర్లా పడుకుంది. కుందేలు ఎత్తునుంచి గదిని చూస్తుందట. సోఫా కింద నేను తొడుగు వేయడం మరిచిపోయిన ఒక తీగను పట్టుకుంది. గుహలకు రెండేసి గుమ్మాలున్నందుకు మా పిల్లను మెచ్చుకుంది. పిల్ల కంచె లోపల కూర్చుని ఉంది, తెల్లది ఆమె మోకాలికి ఆనుకుని ఉంది. ఆవిడ లేచి కూర్చుని, రోజువారీ వివరాలు రాశారా అని అడిగింది. అలాంటి ప్రశ్న కోసం జీవితమంతా ఎదురుచూసినదాన్ని కనుక, ఆలోచించకుండానే క్లిప్‌బోర్డు తీసి ఇచ్చేశాను. మా అమ్మాయి కళ్లు మూసుకుంది.

ఆవిడ ఇంగ్లీషులో అన్న మాటలను ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"చాలా అందంగా ఉంది. కానీ నాకు అంకెలు తప్ప ఏమీ తెలియడం లేదు. చదివి వినిపిస్తారా?"

చదివాను. ఒకటో రోజు, హే నిండుగా, గుళికలు రెండు చెంచాలు, కొత్తిమీర ఒక పిడికెడు. రెండో రోజు, హే. మూడో రోజు, హే. నాలుగో రోజు, హే. ఐదో రోజు దగ్గర ఆగాను. కాగితంమీద "గడ్డి: బాగా" అని ఉంది. నోట్లోంచి ఒక్క అక్షరం రావాలి. హే అన్నా, అది ఆ మాటకు తప్పు అనువాదం కాదు. ఏ నిఘంటువు చూసినా నా పక్షానే ఉంటుంది.

ఆవిడ నా ఆలస్యాన్ని చూసి, కళ్లజోడు దించి, కాగితంమీద వేలు పెట్టింది. "ఇది పైన ఉన్న మాటే కదా? ఈ గుండ్రటి అక్షరాలు గుర్తుపడుతున్నాను. హే అని చదివారు."

"మాట అదే," అన్నాను. "వస్తువు అది కాదు."

నిజాయితీ కొద్దీ చెప్పానని రాసుకుంటే ఈ పేజీ చూడడానికి బాగుంటుంది. అసలు సంగతి ఏమిటంటే, అబద్ధం చెప్పాలన్నా ఇంగ్లీషులో నాకు ముందుగా తయారీ ఉండాలి. ఆ సాయంత్రం నేను తయారై రాలేదు. ఇంకొక కారణం కూడా ఉంది. డ్యూటీ మారేటప్పుడు చార్టు చదివి చెప్పడమే అప్పగింత. తరువాత వచ్చే నర్సు ఆ మాటను నమ్మే మందు వేస్తుంది. ఆ అప్పగింతలో నేను ఎప్పుడూ అబద్ధం చదవలేదు. ఆ రోజు నా తరువాతి డ్యూటీ కంచె లోపల కూర్చుని ఉంది, నా నోటివైపే చూస్తూ.

చెప్పాను. బంగారం రంగు మోపు, నాలుగు రోజులు, "బాగా" అని రాసిన నాలుగు గళ్లు, ఆగిపోయిన పొట్ట, బెడ్డింగ్. పెట్టింది నేనేనని రెండుసార్లు చెప్పాను, మొదటిసారి ఎవరికీ వినపడలేదేమోనని.

మా పిల్ల తెల్లదాని వీపుమీద ఉన్న చేతిని అలాగే ఉంచింది.

"జబ్బు చేసిందని ఎలా గుర్తించారు?" అంది ఆవిడ.

అవుట్‌పుట్ కాలమ్ చూపించాను. అంకెలు ఆవిడకు వచ్చు. నాలుగు వందల దగ్గర మొదలుపెట్టి వేలుతో కిందికి జరుపుకుంటూ వచ్చి, తొమ్మిదో రోజు దగ్గర ఆపింది. ఏడుంబావుకు చూశాం, ఎనిమిది నలభైకి డాక్టరు దగ్గర ఉన్నాం. ఆ వివరం కూడా ఉంది.

"లెక్కపెట్టారా?" అంది. "నిజంగా ఒక్కొక్కటీ?"

"అవును."

ఆవిడ కాసేపు నవ్వు ఆపుకున్నట్టు కనిపించింది. తరువాత ముఖం మామూలుగా పెట్టి చెప్పింది. "దీన్ని మొదట తీసుకెళ్లిన ఇంట్లో రెండు రోజులు జబ్బుగా ఉంటే ఎవరూ గమనించలేదు. వాళ్లు సరైన హే పెట్టారు. మీరు తప్పు తిండి పెట్టి, గంటన్నరలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఈ రెండింటిలో ఏది నయమో నాకు తెలియడం లేదు." ఆవిడ మా పిల్లవైపు తిరిగింది. "నువ్వేమంటావు?"

మా పిల్ల ఆవిడను చూడలేదు. నన్ను చూసింది, చాలాసేపు.

"షి కెన్ కౌంట్ ద పూప్," అంది. "ఐ విల్ డూ ద ఫుడ్."

"అవుట్‌పుట్ మాత్రమేనా?" అన్నాను నేను, తెలుగులో, ఆపుకోలేక.

"ఓన్లీ అవుట్‌పుట్."

ఆవిడ దరఖాస్తు తీసి, ప్రధానంగా చూసుకునే వ్యక్తి అన్న గడిలో నా పేరుమీద ఒక గీత గీసి, పక్కన మా పిల్ల పేరు రాసింది. బాధ్యత వహించే పెద్దవారి గడిలో మా అమ్మాయి సంతకం తీసుకుంది. మా పిల్లకు సంతకం అంటూ లేదు. కలం గట్టిగా పట్టుకుని, పేరులోని ఒక్కొక్క అక్షరాన్నీ విడివిడిగా అచ్చులా రాసింది. కుందేళ్లు మా ఇంట్లోనే ఉంటాయి. నేను సంతకం చేయాల్సిన గడి ఏదని అడిగాను. అలాంటిది లేదని ఆవిడ చెప్పింది. ఎనిమిది పదులకు దగ్గరపడుతున్న వయసులో ఉద్యోగంలో దిగజారడం ఎలా ఉంటుందో తెలిసింది.

ఆవిడను సాగనంపడానికి మా అమ్మాయి గుమ్మం దాకా వెళ్లింది. మా పిల్ల నా ఎదురుగా నిలబడింది.

"యూ సెడ్ హి ఏట్ సమ్‌థింగ్ బ్యాడ్."

"అవును."

"యూ డిడ్న్ట్ సే ఇట్ వాజ్ యూ."

"లేదు."

ఎందుకని ఆమె అడగలేదు. అడిగి ఉంటే, నువ్వు నన్ను నర్సని దాని చెవిలో చెబుతున్నావు కనుక నోరు రాలేదని చెప్పాలి. అది సమాధానం కాదని ఆమెకు తెలుస్తుంది, నాకూ తెలుసు. ఆమె తిరిగి కంచెలోకి వెళ్లిపోయింది. నేను మెట్లెక్కి వచ్చి, బల్ల దగ్గర కూర్చుని, రాయడానికి ఏమీ లేక రాళ్లుప్పు డబ్బా మూత తీసి పెట్టాను, తీసి పెట్టాను.

అరగంట అయ్యాక మెట్ల కిందినుంచి ఆమె గొంతు వినిపించింది.

"అమ్మమ్మా, హి ఈజ్ ఈటింగ్. యూ కెన్ కమ్ సీ." కాస్త ఆగి, "డోన్ట్ బ్రింగ్ ఎనీథింగ్," అంది.

ఏమీ పట్టుకోకుండానే లేచాను. చేతిలో పుస్తకమో, కలమో, గిన్నెనో లేకుండా నేను ఆ మెట్లు దిగడం అదే మొదటిసారి. రెండు చేతులతో కమ్మీ పట్టుకుంటే మెట్లు దిగడం ఎంత సులువో, ఇన్నేళ్లూ ఎవరూ నాకు చెప్పలేదు.